ప్రసంగం తర్వాత మిగిలే పని

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ పేరు మీ చేతుల్లోని కరపత్రం మీద ఉంది. నేను మాత్రం ఆ పేరు పలకను. బతికున్నన్నాళ్లూ ఆయన్ని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. చిన్నాపెద్దా అందరికీ ఆయన సారే. సర్కారు బడిలో పంతులు ఉద్యోగం, మన సంఘంలో కార్యదర్శి పని. ఉద్యోగానికి జీతం వచ్చింది, తర్వాత పింఛను వచ్చింది. కార్యదర్శి పనికి వచ్చిందల్లా అర్ధరాత్రి తలుపు తట్టే చప్పుళ్లు.

స్మారకోపన్యాసమంటే మనవాళ్లు బిషప్పుల పేరిటో మిషనరీల పేరిటో వేదాంత కళాశాల ప్రిన్సిపాళ్ల పేరిటో పెడతారు. ఒక పల్లె సంఘం కార్యదర్శి పేరిట పెడదామని ఈ పాస్టరేట్ కమిటీ అనుకున్నప్పుడు ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారట. నవ్వనివ్వండి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ప్రొటెస్టెంటు సంఘాలు ఈ నేల మీద వేళ్లూనుకున్నాయంటే అది ప్రసంగపీఠం ఎక్కినవాళ్ల వల్ల కొంత, ప్రసంగం అయ్యాక చాపలు దులిపి చుట్టినవాళ్ల వల్ల చాలా. ఆ రెండోవాళ్ల సంగతి చరిత్రలో సరిగ్గా రాయలేదు. ఇప్పుడు వాళ్లే తగ్గిపోతున్నారు.

మన చరిత్ర పుస్తకాల్లో అంకెలు పెద్దవి. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున, వెలుంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె చెబుతుంటే బాప్తిస్టు సోదరుల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. వెలగాల్సిందే. 1876 నుంచి 78 దాకా నడిచిన ధాత కరువులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, పస్తులున్న పల్లెలకు కూలి చూపించారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గి తలుపు తీశాక జనం ఆగలేదు.

పుస్తకాలు ఇక్కడ పేజీ తిప్పేస్తాయి. నా మనసు మాత్రం ఆ తర్వాత వచ్చిన ఆదివారాల మీదే ఉంటుంది. ఆ రెండు వేల పైచిలుకు మంది ఎవరి పల్లెకు వాళ్లు వెళ్లిపోయారు. చదువు రాదు. బావి దగ్గరికి రానివ్వరు. వెట్టికి రామంటే తంతారు. వాళ్లకు పరలోక ప్రార్థన నోటికి నేర్పిందెవరు? బిడ్డ చనిపోతే ఏ మాట చెప్పి మట్టి చేశారు? ఆదివారం ఏదో, సోమవారం ఏదో తెలియని వాడలో ఇవాళ పని మానాలి అని ఎవరు గుర్తుచేశారు? ఒంగోలు బంగళాలో ఉన్న దొరలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పల్లెల్లో ఉన్నది పేరయ్య లాంటివాళ్లు.

యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగే మాదిగ మనిషి. 1866లో ఆయన బాప్తిస్మం పొందాడు. భార్య నాగమ్మా అదే దారి పట్టింది. సెమినరీ చూడలేదు, జీతం అడగలేదు. తోలు కొనడానికి పోయిన ఊరే ఆయనకు సువార్త చెప్పే ఊరు. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవం పాకిన దారులు చూస్తే అవి చాలావరకు పిల్లనిచ్చిన ఊరికీ తెచ్చుకున్న ఊరికీ మధ్య నడిచే దారులే. గుంటూరులో 1842లో ఫాదర్ హేయర్ మొదలుపెట్టిన లూథరన్ పని పల్లెలకు చేరిన తీరూ ఇంతకంటే పెద్ద భిన్నంగా లేదు. కాకపోతే రిపోర్టులు ఇంగ్లీషులో దొరలు రాశారు. రాసినవాడే కథానాయకుడవడం లోకంలో కొత్తేమీ కాదు.

మన డోర్నకల్‌కు వద్దాం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో పుట్టిన తమిళుడు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించినవాళ్లలో ఒకరు. విదేశీ డబ్బు అక్కర్లేదు, మన మనుషులతో మన సొమ్ముతో నడుపుకుందాం అన్నది ఆ సొసైటీ పట్టుదల. 1909లో ఆ పని మీదే డోర్నకల్ వచ్చారు. ముప్పై దాటిన వయసులో మన పిల్లల్లాగే తెలుగు ఓనమాలు దిద్దారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన ఏలుబడిలో ఈ డయోసిస్ క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

తొలి భారతీయ బిషప్పు అని బోర్డుల మీద రాసుకుంటాం, బాగానే ఉంది. నాకు మాత్రం ఆయన గొప్పతనం ఒక చిన్న అలవాటులో కనిపిస్తుంది. కొత్తగా బాప్తిస్మం పొందేవాళ్ల చేత ఎవరి చెయ్యి వాళ్ల తలమీద పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన భావాన్ని వాళ్ల నోటనే అనిపించేవారు. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. అక్కడ నిలబడ్డవాడు నిన్నటిదాకా ఒకరి చేల్లో పాలేరు. వీపు మీద దెబ్బల ఆనవాళ్లుంటాయి. అటువంటి మనిషిని పిలిచి, పాపం, నీకు మేమున్నాం అనడం సులువు. అజరయ్య గారు అలా అనలేదు. నీకొక బాధ్యత ఉంది, నువ్వు చేయకపోతే జరగదు అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషితో ఆ మాట అన్నవాళ్లు బహుశా ఎవరూ లేరు.

ఆయన తన ఉపదేశుల్ని నాలుగు దయ్యాల మీదికి పంపేవారని చెబుతారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇవి వదిలించడానికి నూనె రాసి తలమీద చెయ్యి పెడితే చాలదు. వీధి ఊడవాలి, కల్లు దుకాణం దారిలో అడ్డంగా నిలబడాలి, షావుకారు రాసిన నోటు చదివి చెప్పాలి. చేసేది ఎవరు? పల్లెలో నెలకోసారి కనిపించే అయ్యగారి వల్ల అవుతుందా? అప్పుడూ ఇప్పుడూ ఒక్కో అయ్యగారి కింద బోలెడు ఊళ్లు. ప్రభు సంస్కారం నాడు వస్తారు, పెళ్లికి వస్తారు. మిగిలిన రోజులన్నీ ఊరివే.

1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, డోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలూ మినార్లూ గుడి స్తంభాలూ కలిసిన ఆ కట్టడాన్ని చూడ్డానికి వచ్చే వాస్తుశిల్పులు దాని శైలి గురించి మాట్లాడతారు. మనం మాట్లాడాల్సింది అది ఏళ్ల తరబడి ఎందుకు సాగిందన్న సంగతి. కట్టింది పేద డయోసిస్. ఇచ్చేవాళ్ల దగ్గర డబ్బు లేదు, బియ్యం ఉన్నాయి. అవీ పిడికిళ్ల లెక్కన.

పిడికెడు బియ్యం సంగతి ఈ తరానికి కొంచెం వివరంగా చెప్పాలి. పొద్దుగూకే వేళ ఇల్లాలు వంటకు బియ్యం కొలిచి చేటలో పోసుకుంటుంది. రాళ్లు ఏరుతుంది. ఎసట్లో పోయబోయే ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్క గూట్లో ఉన్న ముంతలో వేస్తుంది. పూటపూటకూ అంతే. ఇంటికి చుట్టాలొచ్చి గింజలు తక్కువైన రోజు పిడికిలి చిన్నదవుతుంది గాని మానదు. ఆదివారం ఆ ముంత కొంగు కింద పెట్టుకుని గుడికి వస్తుంది, గుమ్మం లోపల పెట్టిన గంపలో ఒంపుతుంది. దొడ్డు బియ్యం, కోటా బియ్యం, నూకలు, ఒక్కోసారి జొన్నలు, అన్నీ ఆ గంపలోనే. ఆరాధన ముగిశాక వేలం. ఆ కలగాపులగం బియ్యాన్ని బయటివాళ్లు కొనరు, కొన్నా అగ్గువకు అడుగుతారు. అందుకని చాలా ఆదివారాలు సారే పాడుకునేవారు. సారింట్లో అన్నం సగం ఉడికి సగం ఉడకక ఉండేదని ఊళ్లో ఒక వేళాకోళం. నాలుగు రకాల గింజలు ఒకే ఎసట్లో పోస్తే మరెలా ఉడుకుతుంది?

ఈ ఆచారాన్ని భక్తికి నిదర్శనంగా మాత్రమే చెప్పుకుంటూ వస్తున్నాం. నాకు ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. కూలి డబ్బులు మగాడి చేతికి వచ్చేవి. అందులో ఇంటికి ఎంత చేరుతుందో కల్లు దుకాణం తేల్చేది. బియ్యం కొలత మాత్రం ఆడమనిషి చేతిలో ఉండేది. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా ఆమె ఇవ్వగలిగింది ఆ పిడికెడే. అయ్యగారి జీతంలో, గుడి పైకప్పులో ఆమె వాటా అలా చేరింది. వాటా ఉన్నచోట నోరు లేస్తుంది. మా చిన్నప్పుడు సర్వసభ్య సమావేశంలో చదువురాని ముసలమ్మలు లేచి, గోడకు సున్నం ఎందుకు వేయించలేదని కమిటీని నిలదీసేవాళ్లు. ఎవరూ వాళ్లను కూర్చోమనలేదు. ఇప్పుడు గుడి గోడకు ఫోన్‌పే స్టిక్కరు అంటించాం. ఉండనివ్వండి, పైసా పొల్లుపోకుండా ఖాతాలో పడుతోంది. అయితే ఆ ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి.

యూనివర్సిటీలో చరిత్ర చెప్పే మిత్రుడొకరు నన్నో ప్రశ్న వేశారు. పూట గడవని ఇంటి నుంచి పిడికెడు తీయించడం దోపిడీ కాదా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ పిడికెడు ఎవరి కంచంలో పడిందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇచ్చినవాళ్లకు లెక్క తెలియకపోతే అది దోపిడీయే, పెట్టిన పేరు కానుక అయినా సరే. అందుకే సారు లెక్క గురించి చెప్పాలి.

ఆరాధన కాగానే కిటికీ కింద బల్ల వేసేవారు. కానుక సంచి బోర్లిస్తే నాణేలు బల్ల మీద దొర్లేవి. రూపాయలు ఒక కుప్ప, అర్ధలు ఒక కుప్ప, పావలాలు ఒక కుప్ప. చినిగిన నోట్లకు అన్నం మెతుకుతో కాగితం ముక్క అతికించేవారు. లెక్కపెట్టడానికి ఎప్పుడూ ఇద్దరు, ప్రతి వారం వేరే వేరే ఇద్దరు. సారు డబ్బు ముట్టేవారు కాదు, చెప్పిన అంకె రాసేవారు. డబ్బు ఒకరి చేతిలో ఉంటే కలం ఇంకొకరి చేతిలో ఉండాలన్నది ఆయన పట్టు. ఆఖర్న ముగ్గురి సంతకాలు. సంతకం రానివాళ్ల వేలిముద్రకు పక్కనే సిరా డబ్బా ఉండేది. పై ఆదివారం ప్రకటనల్లో మొత్తం చదివేవారు. సంచి కానుక ఇంత, బియ్యం వేలం ఇంత, ఫలానా వారి కోడలికి సుఖప్రసవమైనందుకు కృతజ్ఞత కానుక ఇంత, ఫలానా వారి గేదె దొరికినందుకు ఇంత. పదకొండు రూపాయలైనా కారణంతో సహా చదివేవారు. ఆ చిట్టా వింటుంటే వారమంతా ఊళ్లో ఏం జరిగిందో తెలిసిపోయేది. ఒకసారి ఒక రాజకీయ నాయకుడు పెద్ద మొత్తం పంపి, తన పేరు ముందుగా చదవాలని కబురు పెట్టాడు. సారు వరస తప్పలేదు. గేదె తర్వాతే నాయకుడు.

కోత పండుగ నాటి వేలం అయితే చూసి తీరాల్సిందే. వరి కంకుల తోరణాలు కట్టిన గుడిలో బల్లపీట ముందు గుమ్మడికాయలు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, కుంచాల్లో ధాన్యం, ఒక మూల మేకపిల్ల. పాట మొదలవుతుంది, మధ్యలో కోడి కూస్తుంది, పిల్లలు నవ్వుతారు, అయ్యగారు ఆగి మళ్లీ మొదలుపెడతారు. ఓసారి ఒక కుర్రాడు ఒకే ఒక్క కోడిగుడ్డు తెచ్చాడు. వాళ్ల ఇంట్లో ఆ ఏడు పంట లేదు, తండ్రి కాలు విరిగి మంచంలో ఉన్నాడు. గుడ్డు వేలానికి వచ్చింది. పాడుకున్నాయన డబ్బు కట్టి, గుడ్డు మళ్లీ దేవుడికే ఇచ్చేస్తున్నా అన్నాడు. మళ్లీ వేలం. మళ్లీ పాడుకున్నావిడా అలాగే తిరిగి ఇచ్చింది. అలా ఆ గుడ్డు చేతులు మారి మారి, ఆ రోజు మేకపిల్ల కంటే ఎక్కువ పలికింది. పిల్లాడు బల్లపీట మెట్టు మీద కూర్చుని ప్రతి పాటకూ చప్పట్లు కొట్టాడు. అంత సేపూ గుడ్డు పగలకుండా పట్టుకు తిరిగిన యువజన సమాజం కార్యదర్శి చెమటలు కక్కాడు.

పండుగల సంగతి అలా ఉంచి చావుల సంగతి చూద్దాం. సంఘ సభ్యత్వం బరువెంతో తెలిసేది అప్పుడే. రాత్రి రెండింటికి కబురొస్తుంది. అయ్యగారు పొరుగు ఊళ్లో ఉంటారు, వాగు పొంగితే రాలేరు. సారింటి గోడకు ఒక సంచి ఎప్పుడూ వేలాడుతుండేది. అందులో ఆరాధన క్రమం పుస్తకం, కీర్తనల పుస్తకం, టార్చిలైటు, వడ్రంగి వాడే కొలత టేపు. టేపు ఎందుకంటే పెట్టె కోసం. ఏడ్చే ఇంట్లో వాళ్లను పొడవెంత అని అడక్కుండా తానే మెల్లగా కొలిచి, వడ్రంగికి కబురంపేవారు. గుంత తవ్వే కుర్రాళ్లకు టీలు ఎవరిస్తారు, దూరం నుంచి రావలసిన కూతురు కోసం ఎన్ని గంటల దాకా ఆగాలి, దారిలో ఉన్న పొలం ఆసామికి ముందుగా చెప్పిరావాలా వద్దా, ఇవన్నీ ఆయన చూసుకునేవారు. శ్మశానానికి పటమొకటి గీసి పెట్టుకున్నారు, ఎవరి సమాధి ఎక్కడుందో గుర్తులతో. పక్క పొలం గట్టు ఏటా ఒక జానెడు లోపలికి జరగడం తెలిసింది ఆ పటం వల్లే. అయ్యగారు రాకపోతే భూస్థాపన క్రమం తానే చదివేవారు. వేరే మతస్థుల ఇళ్లలో చావు జరిగినా గుడి బెంచీలూ టార్పాలినూ సారు సంతకం మీద వెళ్లేవి, తిరిగొచ్చేటప్పుడు ఆయనే ఎంచుకునేవారు.

మన సంఘాల్లో ఒక మూల కంపు కూడా ఉంది. దాన్ని కప్పిపెట్టి మాట్లాడితే సారు ఒప్పుకోరు. బల్ల ఒకటే అంటాం. చాలా ఊళ్లలో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి. పిల్లనిచ్చే దగ్గర పౌలు పత్రికలన్నీ మర్చిపోతాం. డయోసిస్ పదవుల లెక్కలోనూ అదే తూకం. సారు తన పెద్దకూతురి పెళ్లి రెండో పల్లె అబ్బాయితో చేసినప్పుడు సొంతవాళ్లు కొందరు భోజనానికి రాలేదు. ఆ మరుసటి ఆదివారం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక పెట్టించి, వాళ్ల వంటే తిన్నారు. ఇది వింటే కథలా ఉంటుంది. ఆ ఇంటి గడప ఎక్కడానికి ఎంత గుండె కావాలో ఊళ్లో బతికినవాళ్లకు తెలుసు.

ఇంకో చేదు సంగతి రిజిస్టర్లది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ-సీ, వాటా ఒక్క శాతం. వివాదం సుప్రీంకోర్టులో ఇరవై ఏళ్లకు పైగా నానుతోంది. ఈ లోపు పల్లెలో ఏం జరుగుతుంది? బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. సర్టిఫికెట్టులో ఒక మతం, ఆదివారం ఒక మతం. సారు చిక్కు చూడండి. బడి అడ్మిషన్ రిజిస్టరు రాసేదీ ఆయనే, గుడి బాప్తిస్మపు రిజిస్టరు రాసేదీ ఆయనే. ఒకే చేతిరాతలో ఒకే బిడ్డకు రెండు నమోదులు. నేనొకసారి సూటిగా అడిగాను, ఇది మీ మనస్సాక్షికి గుచ్చుకోదా సార్ అని. బడిలో తల్లిదండ్రులు చెప్పింది రాశాను, గుడిలో తల్లిదండ్రులు చేసింది రాశాను, ఈ రెండింటి మధ్య గోడ కట్టింది నేను కాదు అన్నారు. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. ఆ గోడ కట్టినవాళ్లను వదిలేసి, దాన్ని దాటడానికి వంగినవాళ్లను కపటులని తిట్టే ప్రసంగాలు నేను చాలా విన్నాను. తిట్టేవాళ్ల పిల్లలు ఏ కాలేజీల్లో ఏ సీట్లలో చదువుకున్నారో కూడా నాకు తెలుసు. ఇక్కడితో ఆపుతాను.

ఇప్పటి సంగతి. పట్నాల్లో పెద్ద పెద్ద మందిరాలు లేచాయి. తెరలు, లైట్లు, మంచి సౌండు, బ్రహ్మాండమైన పాటలు. మన పిల్లలు వెళుతున్నారు, వాళ్లను తప్పుపట్టను. మన గుడి మైకు గురకపెడుతుంటే ఎన్నాళ్లు వింటారు? నన్ను కలవరపెడుతున్నది వేరే. అక్కడ వెళ్లి కూర్చోవడం తప్ప చేయవలసిందేమీ లేదు. ఎవరూ చాప వేయమనరు, గంట కొట్టమనరు, పక్కింటి జ్వరగొట్టు మనిషి ఎలా ఉన్నాడని అడగరు. కానుక వేసి, వాక్యం విని ఇంటికొస్తాం. ఇంట్లో పెద్దాయన పోతే మాత్రం ఫోను పాత సంఘానికే వస్తుంది, పెట్టె సంగతి చూడండని. ఇక పాత సంఘంలో ఏముంది? కమిటీ ఎన్నికలకు ప్యానెళ్లు, ఫ్లెక్సీలు, ఆస్తుల మీద కోర్టు వాయిదాలు. కోశాధికారి పదవికి నలుగురు పోటీ పడతారు. చాపలు చుట్టే పనికి ఎప్పుడూ ఏకగ్రీవమే, ఎందుకంటే నామినేషన్ వేసేవాడే ఉండడు.

అయినా ఈ పని ఎక్కడో ఒకచోట తిరిగి మొలుస్తూనే ఉంది. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప ఆడపడుచులు, గోదావరి జిల్లాల ఆడపడుచులు శుక్రవారం సెలవు దొరికితే తెలుగు కూడికలకు వస్తారు. దొరకని శుక్రవారాలే ఎక్కువ. అక్కడ ముందుండి నడిపేది డ్రైవర్లూ నర్సులూ వంటవాళ్లూ. వారం మధ్యలో వాళ్ల పని ఏమిటంటే, జీతం ఆగిపోయిన చెల్లెలి కోసం ఎంబసీకి వెళ్లడం, ఆసుపత్రిలో భాష రాని అక్కకు తోడు కూర్చోవడం, చనిపోయిన వాళ్లను ఊరికి పంపడానికి కాగితాలు పట్టుకుని తిరగడం. పేరయ్య తోళ్ల మూటతో తిరిగిన పని, సారు టేపు పట్టుకుని తిరిగిన పని, ఇదీ ఒక్కటే పని.

ఈ కమిటీ ముందు రెండు కోరికలు పెట్టి సెలవు తీసుకుంటాను.

ఒకటి లెక్కల బల్ల గురించి. మన దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐలో) స్త్రీలు అభిషేకం పొందుతున్నారు. 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు బిషప్పయ్యారు, సీఎస్ఐ చరిత్రలో ఆ పీఠమెక్కిన మొదటి మహిళ. సంతోషం. అయితే మన పల్లె సంఘాల్లో ఆదివారం కానుక లెక్కపెట్టే బల్ల చుట్టూ ఇప్పటికీ మీసాలే కనిపిస్తాయి. సారు ప్రతి వారం మనుషుల్ని మార్చారు గాని, ఆ ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లు కావాలని ఆయన హయాంలోనూ నియమం పెట్టలేదు. పిడికెడు తీసిన చేతికి లెక్కపెట్టడం రాదా? ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీల సమాజం నుంచి ఉండాలని తీర్మానం చేయండి.

రెండోది రిజిస్టర్లు. ఈ వాడలోని తాతముత్తాతల పేర్లు పహాణీల్లో లేవు, ఎందుకంటే వాళ్లకు భూమి లేదు. బడి రికార్డుల్లో లేవు, ఎందుకంటే వాళ్లను బడికి రానివ్వలేదు. ఏ శాసనం మీదా లేవు. ఫలానా తండ్రికీ ఫలానా తల్లికీ పుట్టిన ఫలానా అని, తల్లి పేరుతో సహా, మర్యాదగా సిరాతో రాసి ఉన్నది మన బాప్తిస్మపు పుస్తకాల్లోనే. అవి ఇప్పుడు వస్త్రశాలలో ఇనపబీరువా అడుగు అరలో ఉన్నాయి. పై అరలో క్రిస్మస్ స్టారు, దాని వైర్లు. పాత పుస్తకాల అంచులు చెదలు తిన్నాయి, కొన్ని పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిని కాపాడ్డానికి నిధులూ నిపుణులూ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వెలుతురున్న వరండా, ఒక మంచి ఫోను, పేజీ తిప్పే ఓపిక ఉన్న మనిషి చాలు. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ రెండు అంశాలూ చేర్చమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. బీరువా తాళంచెవి కోశాధికారి గారి దగ్గరుంది. వెనక గోడకానుకుని నిలబడ్డ తమ్ముళ్లలో, చెల్లెళ్లలో ఇద్దరు ఇప్పుడే పేర్లిస్తే రేపు మధ్యాహ్నం మొదటి పుస్తకం బయటికి తీద్దాం.